కాలు ఒప్పుకున్న రికార్డు

బియ్యానికి పురుగు పట్టకుండా నీడన ఆరబెట్టిన వేపాకు కలపడం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మొన్న ఆదివారం భూపాలపల్లిలో, మా వంటింట్లో కూర్చుని కొత్త బియ్యం డబ్బాలో పోస్తూ పిడికెడు ఆకు నలిపి వేశాను. ఆ చేదు వాసన తగిలిందో లేదో, చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ వాసనకు ఎవరికైనా అమ్మో, గాదెలో ధాన్యమో గుర్తుకు రావాలి. నాకు మాత్రం అమెరికా ఆర్కెస్ట్రా గుర్తుకొస్తుంది. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. రుక్మిణి మేడం తన గ్రామఫోను రికార్డుల అట్టల మధ్య వేపాకు పెట్టేవారు. రికార్డు బయటికి తీసినప్పుడల్లా ఎండిన ఆకులు ఒకటో రెండో నేల మీద రాలేవి. నేను వాటిని ఏరి పక్కన పెట్టేలోపు వయొలిన్లు మొదలయ్యేవి. అందుకే ఆ రెండూ నాకు విడివిడిగా గుర్తుకు రావు.

ఆమెను మీరు చూసి ఉండరు. చూసినా, ఈ మనిషికీ ఆ సంగీతానికీ ఏదో సంబంధం ఉందని పోల్చుకునేవారు కాదు. ముదురు రంగు నేత చీర, నుదుట పెద్ద బొట్టు, చేతిలో ఎప్పుడూ తాళంచెవుల గుత్తి. మనిషి కంటే ముందు ఆ గుత్తి చప్పుడు వచ్చేది. బచ్చన్నపేట దగ్గర భూములున్న ఇల్లు వాళ్లది. తండ్రి, తమ్ముడు ఊరి రాజకీయాల్లో తిరిగినవాళ్లు. ఆమె మాత్రం పెళ్లి వద్దనుకుని ఉద్యోగంలో చేరి, చివరికి మానుకోటలో మా బాలికల గురుకుల పాఠశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ అక్కడ బతికినవాళ్లం మానుకోట అనే అంటాం. గూడూరు, బయ్యారం వైపు తండాల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. నేనూ గూడూరు దగ్గరి తండా పిల్లనే. పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, నా మొదటి ఉద్యోగం ఆ బడిలోనే.

చేరిన కొత్తలోనే ఆమె నన్ను తన గదికి పిలిపించారు. "తండాల పుట్టి పెరిగినదానివి కదా. మీ తీజ్ పండుగకు అడుగు ఎట్ల వేస్తరో జర వేసి చూపెట్టు" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మేం కనిపిస్తే చాలు, జనానికి అద్దాల లంగా, ఆట తప్ప ఇంకేమీ గుర్తుకు రావు. నేను చదివిన కాలేజీకి ఏ పెద్దమనిషి వచ్చినా మమ్మల్నే ముందు వరసలో నిలబెట్టి ఆడించేవారు. కోపం దాచుకోవడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. "నేను డ్యాన్స్ టీచర్‌ను కాదు మేడం, పీఈటీని" అన్నాను. ఆమె తాళాల గుత్తి బల్ల మీద పెట్టి నా వంక తేరిపార చూశారు.

"నాకు డ్యాన్స్ అక్కెర లేదు. నీ కాళ్లతోని పనున్నది. ఆదివారం అన్నం తిన్నంక ఇంటికి రా. నచ్చకపోతే చాయ్ తాగి పో" అన్నారు.

వెళ్లాను, చాయ్ కోసమే అనుకోండి. బడి ఆవరణలోనే ఆమె క్వార్టర్. ముందు గదిలో ఒక మంచం, గోడ పక్కన చెక్కపెట్టె నిండా రికార్డులు, పెట్టె మీద ప్లేయరు. ఆమె ఒక అట్ట తీసి, ఆకు దులిపి, రికార్డును అంచులు పట్టుకుని, నిద్రపోతున్న చంటిపిల్లను దించినట్టు ప్లేయరు మీద పెట్టారు. "ఇది బాలే. అమెరికోళ్లది. పాట ఉండది, మాట ఉండది. ఆర్కెస్ట్రా వాయిస్తుంటె ఆడేటోళ్లు కథంత కాళ్లతోనే చెప్తరు" అన్నారు. ఆ కథ కూడా చెప్పారు. ఎండిపోయిన మైదానంలో ఒక చిన్న ఊరు. వాన లేదు. జనం ఎదురుచూస్తారు, ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు, ఒక దశలో అంతా ఆగిపోతుంది. ఆ తర్వాత వాన పడుతుంది. అంతే కథ. ఆ బాలే పేరు ఇక్కడ రాయను. రాస్తే తెలిసినవాళ్లు వెతికి విని, ఫలానా వాళ్లు వాయించిందే మేలని నాతో తగువుకు దిగుతారు. ఆ తగువు నేను ఒక్క మనిషితోనే పెట్టుకునేదాన్ని.

పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా తప్ప నాకు మరొకటి తెలియదు. మొదటిసారి విన్నప్పుడు తలా తోకా అందలేదు. ఇంత దూరపు సంగీతం మీకెట్ల దొరికింది మేడం అని అడిగాను. "డిగ్రీ చదివేటప్పుడు హైదరాబాదుల హాస్టల్‌ల ఉన్న. ఎండకాలం రేకుల కింద ఉడికిపోయేటోళ్లం. ఒక లైబ్రరీల ఏసీ ఉన్నదని తెలిసి పోయిన. ఊకె కూసుంటె లేపుతరు కదా, గందుకని చెవులకు పెట్టుకొని వినే డబ్బా ఇస్తె విన్న. చల్లదనానికి పోయి గిండ్ల పడ్డ" అన్నారు. ఆ తర్వాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, కోఠి పాతసామాన్ల దుకాణాల్లో అలాంటి బాలే సంగీతం ఎక్కడ కనిపించినా కొనుక్కున్నారట. ఇదే ఎందుకు నచ్చిందంటే, "మా ఇంట్ల అందరు ఉపన్యాసాలిచ్చేటోళ్లే. మాటల్లేనిది ఒకటి దొరికింది" అని నవ్వారు. ఇంకో మాట కూడా చెప్పారు. "కండ్లు మూసుకొని విను. మా బచ్చన్నపేట చెలకలు కనవడ్తయి. పత్తి తీసినంక ఉత్త చేను, పైన ఆకాశం, నడుమ ఎవ్వలు లేరు." అమెరికా మైదానాలు నేను చూడలేదు. బచ్చన్నపేట మీదుగా ఆ తర్వాత చాలాసార్లు బస్సులో వెళ్లాను గానీ, కిటికీలోంచి ఆ చెలకల్ని చూస్తే నాకూ ఆ వయొలిన్లే వినిపిస్తాయి.

ఆ ఒక్క బాలేకే ఆమె దగ్గర వేరువేరు రికార్డింగులు ఉన్నాయి. ఒకటి పెద్ద పేరున్న నగరపు ఆర్కెస్ట్రా వాయించింది, జోరుగా మెరిసిపోతూ ఉంటుంది. ఇంకొకటి నిదానం, బరువు, ప్రతి స్వరానికీ దండం పెట్టి వాయించినట్టు ఉంటుంది. మూడోది ఒక నాట్యశాల వాళ్లది. ఎదురుగా ఆడేవాళ్లుండగా రోజూ వాయించే చిన్న బృందం, శబ్దం పలచన, వెనక అక్కడక్కడా చెక్క మీద అడుగుల చప్పుడు కూడా వినిపిస్తుంది. బడిపిల్లలతో ఈ బాలే ఆడించాలని ఆమె కోరిక. దానికి ఏది పనికొస్తుందో నేను చెప్పాలి.

"నాకేం తెలుసు మేడం" అన్నాను.

"చెవులతోని కాదు. లేచి నడువు. ఇది కూసోని వినేది కాదు, ఆడేది. కాలు ఒప్పుకోవాలె" అన్నారు.

నడిచాను. మొదటి రికార్డుకు కదిలిపోయిన బస్సు వెనక పరిగెత్తినట్టయింది. రెండోదానికి కాలు ఎత్తాక ఎక్కడ దించాలో తెలియలేదు. మూడోదానికి కాలు తనంతట తనే పడింది. రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి, నడుములో చిన్న వంపు. సగం గది దాటాక గానీ నాకు తెలియలేదు, నేను వేస్తున్నది మా తీజ్ అడుగే. ఆమె అడిగినప్పుడు వేయనని మొండికేసిన అడుగు. ఆమె చూశారు. చూసి, ఒక్క మాట అనకుండా లోపలికి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చారు. ఆ అనకపోవడానికి నేను పడిపోయాను. ఆనాటి నుంచి ఆదివారాలు అక్కడే.

ఆమె వినే పద్ధతి వేరు. ఎవరైనా హోరెత్తే చోట బాగుందంటారు. ఆమె ఆగిపోయే చోట చెవి పెట్టేవారు. వాన రాకముందు ఆ బాలేలో అంతా నిలిచిపోతుందన్నాను కదా, వాద్యాలన్నీ ఆగి, ఒక ఊపిరంత నిశ్శబ్దం తర్వాత ఒకే ఒక్క క్లారినెట్ సన్నగా మొదలవుతుంది. "మోత కాడ అందరు ఒక్కటే. ఆగిన కాడ తెలుస్తది ఎవరెట్లాంటోళ్లో. మంచి రికార్డుల మనుషులు ఊపిరి బిగవట్టి ఉంటరు. చెడ్డదాంట్ల ఉత్తగ చప్పుడుండది, గంతే" అనేవారు. మొదట్లో నాకు రెండూ ఒకలాగే ఉండేవి. వినగా వినగా తేడా పట్టుబడింది. ఈల వేసి, గడియారం నొక్కి పిల్లల్ని కొలవడం నేర్చుకుని వచ్చినదాన్ని. పరుగెత్తే పిల్లను కాదు, ఆగి ఉన్న పిల్లను చూడాలని నాకు ఆ గదిలో తెలిసింది. ఒకసారి మా యాడి, అంటే మా అమ్మ, నన్ను చూడటానికి తండా నుంచి వస్తే, మేడం ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, కథ చెప్పి, రికార్డు పెట్టారు. యాడి మొదటి వైపు అయ్యేలోపే గురక పెట్టింది. నాకు సిగ్గేసింది. మేడం మాత్రం శబ్దం తగ్గించి, "లేపకు. కొత్త జాగల నిద్ర పట్టిందంటె నచ్చినట్టే" అన్నారు.

ఆ ఏడు వార్షికోత్సవానికి ఆటను సిద్ధం చేశాం. మేం ఎంచిన నాట్యశాల రికార్డుకే. ఊళ్ల పిల్లలు బతుకమ్మ ఆడినట్టు వంగి చప్పట్లు కొడుతూ వలయం తిరిగేవారు, తండాల పిల్లలు మా అడుగు వేసేవారు, రెండు వలయాలూ వాన పడ్డప్పుడు ఒకటైపోయేవి. ఆ అడుగు వాళ్లకు నేనే నేర్పాను, ఈసారి నాకు కోపం రాలేదు. చిక్కల్లా సంగీతం దగ్గర వచ్చింది. షామియానా వాళ్ల మైకుకు క్యాసెట్ ఒక్కటే పెట్టగలం అన్నారు. రికార్డును క్యాసెట్‌లోకి ఎక్కించే వైరు మా దగ్గర లేదు. అయితే ఏమైంది, మన ఇళ్లలో అందరూ చేసే పనే చేశాం. వార్షికోత్సవం ముందురోజు, ప్లేయరు స్పీకరు ముందు స్టూలు వేసి, దాని మీద టేప్ రికార్డరు పెట్టి, కిటికీలు మూసి, బడి మొత్తానికి గట్టి ఆజ్ఞ జారీ చేశారు మేడం. ఎవరూ దగ్గకూడదు, బకెట్టు చప్పుడు చేయకూడదు, గేటు తీయకూడదు. పిల్లలంతా వరండాలో గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

అందరికీ చెప్పాం, బడి వంటింట్లో వండిపెట్టే కొమురమ్మ అవ్వకు తప్ప. వాన రాకముందు నిశ్శబ్దం వచ్చింది. నేనూ మేడమూ ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అప్పుడే వంటింటి ముందు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద కొమురమ్మ అన్నం గంట కొట్టింది. కొట్టి ఊరుకుందా, "అన్నానికి రాండ్రి" అని కేక కూడా వేసింది. వరండాలో పిల్లలు పక్కన పెట్టుకున్న పళ్లాలు గలగలలాడాయి. నేను నెత్తి కొట్టుకున్నాను. మేడం మాత్రం, "ఆమె పని ఆమె చేసింది. మల్ల తీద్దాం" అన్నారు. మళ్లీ తీయబోతే కరెంటు పోయింది. అది మర్నాడు పొద్దుటికి గానీ రాలేదు, వచ్చేసరికి షామియానా వాళ్లు క్యాసెట్ ఏదీ అని వాకిట్లో నిలబడ్డారు. గంట మోగిన క్యాసెట్టే ఇచ్చాం.

ముఖ్య అతిథి రావడం బాగా ఆలస్యమైంది. ఆయన వస్తే గానీ అన్నాలు పెట్టకూడదని ఎవరో అనడంతో పిల్లలు పొద్దుట తిన్న ఉప్మాతోనే ఉన్నారు. ఆట మొదలైంది. చాలా బాగా సాగింది. వేదిక పక్కన క్యాసెట్ డెక్కు దగ్గర మేడం, ఆమె పక్కన మెడలో ఈలతో నేను. నిశ్శబ్దం వచ్చింది. పెద్ద స్పీకర్లలో కొమురమ్మ గంట ఊరంతా వినబడేలా మోగింది, వెంటనే "అన్నానికి రాండ్రి" అన్న కేక. పెద్దపిల్లలు నిలబడ్డారు గానీ చిన్నపిల్లలు నిలబడలేదు. అలవాటైన చెవులు, పైగా ఆకలి. ఒకతె వేదిక దిగి వంటింటి వైపు పరుగు తీసింది, దాని వెనక మిగతావాళ్లు. జనం గొల్లుమన్నారు. నేను ఈల నోట్లో పెట్టుకున్నాను.

మేడం కుడి చెయ్యి నా ముందుకు ఎత్తి ఆపారు. ఎడమ చేత్తో డెక్కు మీద పాజ్ నొక్కారు. "ఊదకు. రానీ" అన్నారు.

నవ్వులు తగ్గాయి. వేదిక మీద పెద్దపిల్లలు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. వంటింటి దగ్గర గంట ఎవరూ కొట్టలేదని తెలుసుకున్న చిన్నపిల్లలు తలలు వంచుకుని ఒక్కొక్కరే తిరిగొచ్చి తమ చోట్లలో నిలబడ్డారు. అందరికంటే చిన్నది చివరికి వచ్చింది, ముక్కు తుడుచుకుంటూ. ఆ చిన్నది నిలబడేదాకా మేడం చెయ్యి దించలేదు. ఆ తర్వాత పాజ్ వదిలారు. పళ్లాల గలగల కింద నుంచి క్లారినెట్ పైకి వచ్చింది, వాన మొదలైంది, రెండు వలయాలూ ఒకటయ్యాయి. చూసినవాళ్లు అదంతా కథలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. ఒక అధికారి మాత్రం తర్వాత మేడంను పక్కకు పిలిచి, ఇదేం క్రమశిక్షణ అని మందలించాడు. "ఆకలైంది సార్ పిల్లలకు" అన్నారామె. ఆ రోజు ఆమె మొహంలో బాధ చూశాను. అధికారి మాటకు కాదు. ఎన్నో ఏళ్లుగా దాచుకున్న సంగీతం జనం ముందు పెట్టిన ఒకే ఒక్కసారి అలా అయినందుకు. క్యాసెట్‌ను పెట్టె అడుగున పడేశారు.

తర్వాత ఆమె రిటైరై జనగామలో తమ్ముడి ఇంటి మీద గదికి వెళ్లారు. నాకు భూపాలపల్లి బదిలీ అయింది. పెళ్లి, పిల్లలు, బొగ్గు లారీల దుమ్ము, అలా ఏళ్లు గడిచాయి. పండుగలకు ఫోను చేసుకునేవాళ్లం. ఒకరోజు ఆమే చేశారు. "సరితా, నా రికార్డులల్ల పిల్లనగ్రోవులు పల్చగైనయి. సూది అరిగిందనుకున్న. కొత్త సూది వేసినా గట్లనే ఉన్నది" అన్నారు. అరిగింది సూది కాదు. హనుమకొండ దవాఖానలో చెవులు పరీక్ష చేసి, నరం దెబ్బతింటోందని, మెల్లమెల్లగా మొత్తం పోతుందని, మిషన్ పెట్టినా కొంతకాలమేనని చెప్పారట. ఆ సంగతి ఆమె కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పారు. చెప్పి, "ఆదివారం వస్తవా బిడ్డా. ఏరే పనున్నది" అన్నారు.

ఆ పని ఏమిటో జనగామ వెళ్లాక తెలిసింది. చెవులు పోయేలోపు ఆ బాలే రికార్డింగుల్లో ఒక్కటి ఎంచుకోవాలి. ఇక అదొక్కటే వినాలి, ప్రతి స్వరం కంఠతా వచ్చేదాకా వినాలి. పూర్తిగా వినబడనప్పుడు తలలో అదే మోగాలి. "పది తీర్ల యాదికుంటె ఏదీ మిగలది. ఒక్కటి పక్కాగ ఉండాలె" అన్నారు. అప్పటికి సీడీలు, ఫోనులో దొరికేవి కలిపి రికార్డింగులు చాలా అయ్యాయి. ఆమె ఎప్పటిలాగే నడవమన్నారు. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హనుమకొండ, కాజీపేటలో రైలు, జనగామలో దిగి ఆమె గది. వీలు దొరికిన ఆదివారమల్లా వెళ్లాను. మోకాళ్లు కొద్దిగా నొస్తున్నా ఆ గదిలో గోడ నుంచి గోడకు నడిచాను. నా కాళ్లను ఆమె చూసేవారు. రానురాను ఆమె చెవులకంటే నా కాళ్లనే ఎక్కువ నమ్ముకున్నారు. ఒకసారి కింద నుంచి తమ్ముడు వచ్చి, గడపలో నిలబడి, "అక్కా, గా ఇంగ్లీషు బ్యాండు పెట్టి గీ టీచరమ్మను ఎందుకు తిప్పుతున్నవే" అన్నాడు. "ఓట్లకు తిప్పుతలేను గదా" అన్నారామె. ఆయన నవ్వుకుంటూ దిగిపోయాడు.

చివరికి నాట్యశాల రికార్డు, ఈమధ్య వచ్చిన ఒక మంచి రికార్డింగు, రెండే మిగిలాయి. అప్పుడు పెట్టె అడుగున ఆ క్యాసెట్ నా కంటపడింది. "మేడం, దీన్ని గూడ లెక్కల పెట్టుండ్రి" అన్నాను. నిజంగానే అన్నాను, సరదాకు కాదు. మా పిల్లలున్నారు అందులో, కొమురమ్మ అవ్వ ఉంది, అప్పటికి ఆమె చనిపోయింది కూడా. మేడం క్యాసెట్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ పెట్టెలో వేశారు.

"ముచ్చట వేరే, సంగీతం వేరే. అది రికార్డింగు కాదు, తప్పు. జీవితాంతం తప్పును వింటనా" అన్నారు.

నాకు కష్టం తోచింది. మాకంటే ఆ ఊపిరంత నిశ్శబ్దమే ఎక్కువా అని మనసులో అనుకుని, కాదు, పైకే అనేశాను. ఆమెకు అప్పటికి సగం మాటలు వినిపించవు. విన్నారో లేదో తెలియదు. "నడువు, ఇంకొక్కపారి" అన్నారు. నడిచాను. ఎప్పటిలాగే నా కాలు నాట్యశాల రికార్డుకు ఒప్పుకుంది. అదే ఖాయమైంది. రైలులో కాజీపేట దాకా నేను మొహం ముడుచుకునే కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె రోజూ ఆ ఒక్కటే విన్నారు. తర్వాత మిషన్ పెట్టుకుని విన్నారు. తర్వాత స్పీకరు మీద అరచెయ్యి ఆనించి విన్నారు. ఒకరోజు తమ్ముడు ఫోను చేసి, అక్కకు ఇక ఏమీ వినబడటం లేదని చెప్పాడు. వెళ్లాను. ప్లేయరు మీద గుడ్డ కప్పి ఉంది. నన్ను చూసి సంతోషపడ్డారు. నేను ఆమె అరచేతిలో వేలితో అక్షరాలు రాస్తే చదువుకుని జవాబిచ్చేవారు, కొంచెం గట్టిగా, తన గొంతు తనకు వినబడక. ఉన్నట్టుండి, "ఇయ్యాల నీతోని విందామనుకున్న. నువ్వు ఫోన్ల పెట్టుకో, నేను నెత్తిల పెట్టుకుంట. కలుస్తదో లేదో చూద్దాం" అన్నారు.

నేను ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆమె ఎంచిన రికార్డే తీసి, ఆమె తల ఊపగానే మొదలుపెట్టాను. ఆమె కళ్లు మూసుకుని మంచం పట్టె మీద వేళ్లు ఆడిస్తున్నారు. నమ్మండి, కలిసింది. వయొలిన్లు ఎక్కే చోట ఆమె వేళ్లు ఎక్కాయి, జనం విసుక్కునే చోట బొమలు ముడిపడ్డాయి. మాటల్లేని సంగీతం ఒకటి చెవులు లేని మనిషిలో అంత తూకంగా మోగుతుంటే నాకు ఏడుపొచ్చింది. నిశ్శబ్దం వచ్చింది. వేళ్లు ఆగాయి. నా చెవిలో ఊపిరంత సేపు గడిచి క్లారినెట్ మొదలైంది. ఆమె వేళ్లు కదలలేదు. తప్పిపోయారనుకున్నాను. అయ్యో, ఇక్కడిదాకా వచ్చి అనుకున్నాను.

అప్పుడు ఆమె కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది. అరచెయ్యి నా వైపు, ఆ రోజు వేదిక పక్కన నా ఈలను ఆపినట్టే. నా చెవిలో వాన కూడా మొదలైంది. ఆమె కళ్లు తెరవలేదు, చెయ్యి దించలేదు. పెదవుల మీద చిన్న నవ్వు. "రానీ, అందరు రానీ" అన్నారు. ఎవరికోసమో చూస్తున్నట్టు తల కొంచెం పక్కకు తిప్పి, ఇంకా కాసేపు ఉండి, చెయ్యి దించారు. అప్పుడు వేళ్లు మొదలయ్యాయి.

నేను ఇయర్‌ఫోన్ పీకేసి ఆమె అరచేతిలో రాశాను, గంటనా అని. ఆమె కళ్లు తెరిచి, దొరికిపోయిన పిల్లలా నవ్వారు.

"తీసేద్దామని శానా చూసిన. పోతలేదు" అన్నారు. "ఆ చిన్నది వచ్చేదాక వాన పడనిస్తలేదు నన్ను."

పోయిన వానాకాలం ఆమె పోయారు. తమ్ముడు చెక్కపెట్టెను జనగామ నుంచి జీపులో తెచ్చి, మా ఇంట్లో దించి, "గివన్ని నీకే ఇమ్మన్నది అక్క" అని కళ్లు తుడుచుకున్నాడు. అట్టల్లో వేపాకు పొడైపోయింది. కొత్త ఆకు పెట్టాను. క్యాసెట్ టేపు అతుక్కుపోయి తిరగదు, నేనూ బాగు చేయించలేదు. ఆమెలో మిగిలింది ఆ క్యాసెట్ కూడా కాదు కదా. పిల్లలు తిరిగొచ్చేదాకా ఆగిన నిశ్శబ్దం ఏ రికార్డింగులోనూ లేదు.

ఇప్పుడు భూపాలపల్లి బడిలో పొద్దుటి డ్రిల్లుకు ఆ బాలేనే పెడతాను, ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి. పిల్లలకు కథ చెప్పాను, వాళ్లకు నచ్చింది. నిశ్శబ్దం రాగానే నా వేలు పాజ్ నొక్కుతుంది, రెండో చెయ్యి పైకి లేస్తుంది. ఆలస్యంగా లేచినవాళ్లు, జడ సగం వేసుకున్నవాళ్లు, కాలు నొప్పని మెట్ల మీద కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడతారు. మొన్న ఒక పిల్ల, ఇంకెంతసేపు మేడం అని విసుక్కుంది. గేటు వైపు నుంచి ఇంకొకతె చెప్పులు చేతిలో పట్టుకుని పరిగెత్తుకొస్తోంది.

"రానీ" అన్నాను.